వచ్చిన దారినే బదులు

తపాలా సార్టింగు కార్యాలయంలో కూర్చున్న ఉద్యోగి ఉత్తరం మీద చూచే విషయం ఒక్కటే: అది ఎక్కడికి చేరవలెను? 1972 ఆగస్టు 15న భారతదేశంలో పిన్‌కోడ్ ప్రవేశపెట్టిన తరువాత ఆ పని మరింత తేలిక అయినది. ఆరు అంకెలు చూచి ఉత్తరాన్ని తగిన సంచిలో వేయడంతో ఆయన బాధ్యత తీరుతుంది. దానిని వ్రాసినవారు ఎవరు, ఏ ఊరినుండి పంపినారు అనే సంగతితో ఆయనకు నిమిత్తం లేదు.

ప్రపంచంలోని కంప్యూటర్లను కలుపుతున్న ఇంటర్నెట్ కూడ ఈ సూత్రం మీదనే నడుస్తున్నది. అందులో సమాచారం చిన్న చిన్న ముక్కలుగా, అనగా ప్యాకెట్లుగా విడివడి ప్రయాణం చేస్తుంది. 1981 సెప్టెంబరులో వెలువడిన ఇంటర్నెట్ ప్రోటోకాల్ ప్రమాణం ప్రకారం ప్రతి ప్యాకెట్ మీద రెండు చిరునామాలు ఉంటాయి. ఒకటి పంపినవారిది, రెండవది అందుకొనవలసినవారిది. దారి నిర్ణయించే యంత్రాలు సాధారణంగా ఈ రెండవదానిని మాత్రమే చూస్తాయి. ఇంటిలోని కంప్యూటర్‌కు గాని, చేతిలోని ఫోనుకు గాని ఈ అలవాటువలన ఏ హానీ లేదు. బయటికి పోవడానికి వాటికి ఒక సమయంలో ఒక్క ద్వారమే ఉంటుంది. ఒకే యంత్రానికి రెండు ద్వారాలు అమర్చినప్పుడే చిక్కు మొదలవుతుంది.

రెండు లైన్లు, ఒక్క దారి

ఒక జిల్లా కేంద్రంలోని ఆసుపత్రిని ఉదాహరణగా ఊహించవచ్చును. రక్తపరీక్షల ఫలితాలన్నీ అక్కడి సర్వర్‌లో భద్రపరచబడి ఉంటాయి. చుట్టుప్రక్కల మండలాల ఆరోగ్య కేంద్రాలలోని వైద్యులు అవసరమైనప్పుడు ఆ సర్వర్‌ను సంప్రదించి రోగుల వివరాలు తెలుసుకొంటారు. ఒక కంపెనీ లైను తెగినా పని ఆగరాదనే ఉద్దేశంతో ఆసుపత్రివారు రెండు కంపెనీలనుండి రెండు లైన్లు తీసుకొన్నారు. సర్వర్‌కు రెండు నెట్‌వర్క్ కార్డులు బిగించి, మొదటిదానికి 192.0.2.10 అనీ, రెండవదానికి 198.51.100.10 అనీ చిరునామాలు ఇచ్చినారు. ఇవి గ్రంథాలలో ఉదాహరణలు వ్రాయడానికై ప్రత్యేకించిన సంఖ్యలు. మొదటి కంపెనీ గేట్‌వే 192.0.2.1, రెండవ కంపెనీ గేట్‌వే 198.51.100.1. ఆరోగ్య కేంద్రాలకు రెండు చిరునామాలూ తెలియజేసినారు.

ఒక రాత్రి రోడ్డు త్రవ్వకంలో మొదటి కంపెనీ కేబుల్ ఊరి చివర తెగిపోయినది. ఒక ఆరోగ్య కేంద్రంలో ప్రసవవేదన పడుతున్న స్త్రీ రక్తపరీక్ష ఫలితం కోసం వైద్యురాలు రెండవ చిరునామాను ప్రయత్నించినది. తెర మీద ఏమీ రాలేదు. విచిత్రమేమనగా, రెండవ లైను ఆ సమయంలో చక్కగా పనిచేస్తున్నది. వైద్యురాలి విన్నపం సర్వర్‌కు చేరినది. సర్వర్ దానికి జవాబు కూడ సిద్ధం చేసినది. ఆ జవాబు మాత్రం తెగిన లైనులోకి పోయినది!

ఇందుకు కారణం సర్వర్‌లోని మార్గాల పట్టిక. జవాబు చేరవలసిన కంప్యూటర్ ఎక్కడో దూరాన ఉన్నది. ప్రత్యేకంగా మార్గం వ్రాసిలేని దూరపు చిరునామాలన్నిటికీ ఆ పట్టికలో ఒకే సామాన్య మార్గం ఉన్నది. అది మొదటి కంపెనీ గేట్‌వే. విన్నపం ఏ ద్వారాన వచ్చినదో పట్టిక అడగదు. కేబుల్ తెగినది ఊరి చివర గనుక, ఆసుపత్రి గదిలోని కంపెనీ పెట్టె దీపం వెలుగుతూనే ఉన్నది. కాబట్టి మొదటి దారి మూసుకొనిపోయినదని సర్వర్‌కు తెలియదు. రెండవ లైనును ఏ రోజు కోసం తెచ్చిపెట్టుకొన్నారో ఆ రోజుననే అది అక్కరకు రాలేదు. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్న సామెతకు ఇంతకంటె తగిన సందర్భం ఉండదు.

కాపలాదారుల తప్పు కాదు

కేబుల్ తెగని రోజులలో కూడ బయటివారికి ఆ రెండవ చిరునామా పలికి ఉండదు. అప్పుడు కూడ జవాబు మొదటి కంపెనీ లైనులోకే పోతుంది. దాని మీద పంపినవారి చిరునామాగా 198.51.100.10 ఉంటుంది. అది ఆ కంపెనీ కేటాయించిన సంఖ్య కాదు. పరాయి చిరునామాతో తన ఖాతాదారునినుండి వచ్చిన ప్యాకెట్‌ను చూచి కంపెనీ యంత్రం దానిని పారవేస్తుంది.

ఈ కట్టుబాటుకు బలమైన కారణం ఉన్నది. 1996 సెప్టెంబరులో న్యూయార్కులోని పానిక్స్ అనే ఇంటర్నెట్ సంస్థ మీద దొంగ చిరునామాలు వ్రాసిన ప్యాకెట్ల వెల్లువతో దాడి జరిగినది. అటువంటి దాడులలో నేరస్థుని జాడ తీయడం మిక్కిలి కష్టం. తమ ఖాతాదారులనుండి వచ్చే ప్యాకెట్ల మీద తాము ఇచ్చిన చిరునామాలే ఉన్నవో లేవో కంపెనీలు పరిశీలించవలెనని పాల్ ఫెర్గూసన్, డేనియల్ సెనీ 1998 జనవరిలో సూచించినారు. 2000 మే నెలలో వెలువడిన దాని సవరించిన పాఠం ఉత్తమ ఆచరణగా గుర్తింపు పొందినది. కనుక ప్యాకెట్‌ను పారవేసిన కంపెనీ తన విధినే నిర్వర్తించినది. మార్గమధ్యంలోని ఫైర్‌వాల్ కూడ ఇటువంటిదే. సంభాషణ మొదలైనప్పటి పలుకు తన ముందునుండి పోనప్పుడు, దాని జవాబును అది అనుమతించదు.

జవాబు మీద మొదటి కార్డు చిరునామా వ్రాసి పంపితే సరిపోదా అని సందేహం కలుగవచ్చును. సరిపోదు. వైద్యురాలి కంప్యూటర్ 198.51.100.10తో మాట కలిపినది. 192.0.2.10 నుండి వచ్చిన జవాబును అది అపరిచితుని పలుకుగా భావించి త్రోసిపుచ్చుతుంది. చిరునామా మారరాదు, ద్వారమే మారవలెను.

పట్టికలు మూడు

ఇటువంటి బహుద్వార యంత్రాల సమస్యను 1989 అక్టోబరులో వెలువడిన ఇంటర్నెట్ ప్రమాణమే చర్చించినది. చిరునామాను ఆ కార్డుకే కట్టివేసేది బలమైన పద్ధతి అనీ, యంత్రం మొత్తానికి చెందినదిగా భావించేది సడలిన పద్ధతి అనీ అది రెండు విధాలు చెప్పినది. నేడు అసంఖ్యాకమైన సర్వర్లను నడిపిస్తున్న లినక్స్ ఈ సడలిన పద్ధతిని అనుసరిస్తున్నది. అందువలననే దానికి నిర్వాహకుడు విడిగా చెప్పవలసి ఉన్నది.

చెప్పే సాధనం 1999 జనవరిలో విడుదలైన లినక్స్ 2.2 నాటికే సమకూరినది. అలెక్సీ కుజ్నెత్సోవ్ అనే రష్యన్ నిపుణుడు రూపొందించిన ‘ఐపీ’ అనే ఆదేశంతో ఒక యంత్రంలో అనేక మార్గ పట్టికలను ఉంచవచ్చును. ఏ ప్యాకెట్‌కు ఏ పట్టిక చూడవలెనో నిర్ణయించే నియమాలను కూడ వ్రాయవచ్చును. పంపినవారి చిరునామానుబట్టి దారి ఎంచుకొనే ఈ ఏర్పాటునే మూలాధారిత మార్గనిర్ణయం అనవచ్చును.

ఆసుపత్రి సర్వర్‌లో చేయవలసినది ఇంతే. ప్రధాన పట్టికను అట్లే ఉంచి, 101, 102 అనే సంఖ్యలతో రెండు కొత్త పట్టికలు తెరవవలెను. 101లో మొదటి కార్డుకు ఆనుకొని ఉన్న నెట్‌వర్కును, సామాన్య మార్గంగా 192.0.2.1ను వ్రాయవలెను. 102లో రెండవ కార్డు నెట్‌వర్కును, సామాన్య మార్గంగా 198.51.100.1ను వ్రాయవలెను. అటుపిమ్మట రెండు నియమాలు చేర్చవలెను. పంపినవారి చిరునామా 192.0.2.10 అయినచో 101 చూడవలెను, 198.51.100.10 అయినచో 102 చూడవలెను.

నియమాలకు వరుస సంఖ్యలు ఉంటాయి. చిన్న సంఖ్యది ముందు పరిశీలనకు వస్తుంది. యంత్రపు స్వంత చిరునామాల పట్టికను చూపే నియమం 0 వద్ద, ప్రధాన పట్టికను చూపేది 32766 వద్ద ముందునుండే ఉన్నవి. కొత్త నియమాలకు 1001, 1002 వంటి సంఖ్యలు ఇచ్చినచో ప్రధాన పట్టికకంటె ముందుగా వాటికి అవకాశం వస్తుంది. సర్వర్ తానే సంభాషణ ప్రారంభించినప్పుడు సాధారణంగా పంపే చిరునామా అప్పటికి ఇంకా నిర్ణయం కాదు. అప్పుడు కొత్త నియమాలు వర్తించవు. ప్రధాన పట్టికే దారి చూపుతుంది. కనుక దానిలోని సామాన్య మార్గాన్ని తొలగించరాదు.

మరువరాని జాగ్రత్తలు

ఈ ఏర్పాటులో నాలుగు చోట్ల పొరపాటు జరగడానికి అవకాశం ఉన్నది.

మొదటిది, ఆసుపత్రి లోపలి కంప్యూటర్ల సంగతి. వాటి కోసం సర్వర్‌కు మూడవ కార్డు ఉన్నచో, ఆ లోపలి నెట్‌వర్కు మార్గాన్ని రెండు కొత్త పట్టికలలో కూడ వ్రాయవలెను. లేనిచో లోపలివారు బయటి చిరునామాతో సర్వర్‌ను పిలిచినప్పుడు జవాబు ప్రక్కగదికి పోవడానికి మారుగా వీథిలోకి పోతుంది.

రెండవది, లినక్స్‌లోని తిరుగుదారి పరిశీలన. ఒక ప్యాకెట్ వచ్చిన కార్డునుండియే దాని జవాబు పోగలదా అని లినక్స్ చూస్తుంది. దాని విలువ 1 అయినచో తనిఖీ కఠినం, 2 అయినచో సడలింపు, 0 అయినచో తనిఖీ లేదు. నియమాలు లేని సర్వర్‌లో కఠినమైన తనిఖీ ఉన్నప్పుడు రెండవ ద్వారాన వచ్చిన విన్నపాలు లోపలికి రాకముందే రాలిపోతాయి. నియమాలు సరిగా వ్రాసినచో అదే తనిఖీ వాటిని రానిస్తుంది. తనిఖీని తీసివేయడంకంటె దారిని సరిచేయడమే మేలు.

మూడవది, ఇంటర్నెట్ ప్రోటోకాల్ ఆరవ రూపానికి చెందిన చిరునామాలు. సర్వర్‌కు అవి కూడ ఉన్నచో వాటి పట్టికలను, నియమాలను విడిగా వ్రాయవలెను. నాలుగవ రూపానికి వ్రాసినవి వాటికి వర్తించవు.

నాలుగవది అన్నిటికంటె సామాన్యమైనది, అన్నిటికంటె ప్రమాదకరమైనది. ఆదేశాలుగా ఇచ్చిన పట్టికలు, నియమాలు యంత్రం ఆగి మరల లేచినప్పుడు మిగలవు. వాటిని యంత్రం లేచే ప్రతిసారి చదివే ఫైళ్లలో కూడ వ్రాసియుంచవలెను. అది మరచినచో నెలల తరబడి సక్రమంగా పనిచేసిన సర్వర్, కరెంటు పోయి వచ్చిన ఒక రాత్రితో పాత దారి పడుతుంది. అప్పటికి ఆ పని చేసిన నిపుణుడు మరొక ఊరికి బదిలీ అయి ఉండవచ్చును.

పేరు పోలిక, పని పరిమితి

ఇంచుమించు ఇదే పేరు గల మరొక పద్ధతి 1981నాటి ప్రమాణంలోనే ఉన్నది. ప్యాకెట్ పోవలసిన మజిలీలను పంపినవాడే దాని మీద వ్రాసి పంపడం అందులోని విశేషం. కాపలాలను తప్పించుకొని పోవడానికి అది వీలు కల్పించినందువలన చాలా నెట్‌వర్కులు దానిని అంగీకరించవు. ఆరవ రూపంలోని ఆ తరహా పద్ధతిని 2007 డిసెంబరులో వాడుకనుండి తప్పించినారు. ఇక్కడ చెప్పిన ఏర్పాటు దానికి భిన్నమైనది. ఇందులో బయటివారు దారి శాసించరు. సర్వర్ తన ఇంటి ద్వారాన్ని మాత్రమే తాను ఎంచుకొంటుంది.

దీనికి పరిమితి కూడ ఉన్నది. ఇది తెగిన లైనును కనిపెట్టదు. సర్వర్ తానుగా చేసే పిలుపులను రెండవ లైనుకు మళ్లించదు. అందుకు లైన్లను నిరంతరం గమనించి ప్రధాన పట్టికను మార్చే వేరొక ఏర్పాటు కావలెను. రెండవ చిరునామాకు వచ్చినవారికి ఆ దారినే జవాబు అందునట్లు చేయడమే దీని పని.

ఆ పని జరుగుతున్నదని పరీక్షించి తెలుసుకొనవలెను. ఆసుపత్రి గదిలోని కంప్యూటర్‌నుండి చేసిన పరీక్ష చాలదు. దగ్గరివారికి సామాన్య మార్గంతో పనిలేదు. కార్డునుండి తీగ పీకి చూడడమూ చాలదు. తీగ ఊడిన వెంటనే కొన్ని యంత్రాలు ప్రధాన దారిని మార్చుకొని, లేని ధైర్యాన్ని కలిగిస్తాయి. రెండు లైన్లూ బాగున్న ఒక పగటివేళ, దూరపు ఆరోగ్య కేంద్రంనుండి ఒకరిని రెండవ చిరునామాను పిలువమని కోరవలెను. ఇక్కడ రెండు కార్డుల మీదను పోయే ప్యాకెట్లను గమనిస్తూ ఉండవలెను. విన్నపం, జవాబు రెండూ రెండవ కార్డు మీదనే కనిపించినచో పని నెరవేరినట్లు. తరువాత ఒకసారి సర్వర్‌ను ఆపి, మరల లేపి, ఆ పరీక్షనే తిరిగి చేయవలెను. దీనికి పట్టే కాలం ఒక గంటకు మించదు. ఆ గంట వెచ్చించిన ఆసుపత్రిలో, కేబుల్ తెగిన రాత్రి కూడ వైద్యురాలికి ఆ రక్తపరీక్ష ఫలితం అందుతుంది.