పైపూత మరమ్మతు కాదు

ఇంజను కొనేటప్పుడు మత్స్యకారుడు పది చోట్ల విచారిస్తాడు. వల కొనేటప్పుడు కన్ను కన్నూ చూసుకుంటాడు. ఆ ఇంజను బరువంతా మోసే వెనుక పలక సంగతి మాత్రం అది ఊగడం మొదలుపెట్టే దాకా గుర్తుకు రాదు. భావనపాడులోనే కాదు, జిల్లా తీరంలో పాత ఫైబరు బోటు ఉన్న ప్రతి పల్లెకూ ఈ మాట వర్తిస్తుంది. పలక బీటవేసిన చోట కాస్త లప్పం, దానిపై ఒక ఫైబరు ముక్క, ఆపైన రంగు. దానితో పని అయిందనుకోవడం పొరపాటు. అసలు పని మొదలే కాలేదు.

పూర్వపు తెప్పలకు ఈ బెడద లేదు. తేలిక దుంగలను తాళ్ళతో కట్టి వేటకు వెళ్ళేవారు. ఒడ్డుకు చేరాక కట్లు విప్పి ఎండబెట్టేవారు. ఏ దుంగ పుచ్చిందో కంటికి కనబడేది. దాన్ని తీసి మరొకటి వేసుకునేవారు. ఫైబరు బోటుతో వేగం పెరిగింది, దూరపు వేట సాధ్యమైంది. కానీ రోగం లోపలికి పోయింది. ఫైబరు కుళ్ళదన్న మాట నిజమే. అయితే చాలా బోట్లలో వెనుక పలక మొత్తం ఫైబరు కాదు. రెండు ఫైబరు పొరల మధ్య ప్లైవుడ్ చెక్క ఉంటుంది. ఇంజనును నిలబెట్టే బలం ఆ చెక్కదే. కుళ్ళేదీ ఆ చెక్కే.

నీరు లోపలికి పోవడానికి పెద్ద కన్నం అక్కరలేదు. ఇంజను బోల్టు వదులైతే చాలు, పలక పై అంచున పొర లేచిపోతే చాలు. ఉప్పునీటి కంటె వాననీరు ఎక్కువ చేటు చేస్తుందన్నది చాలామందికి తెలియని సంగతి. ఉప్పు బూజును కొంత అదుపులో ఉంచుతుంది. మంచినీటి తడిలో అది నిరాటంకంగా పెరుగుతుంది. ఈ తీరం నుంచి ఏటా ఎందరో గుజరాత్‌లోని వీరావల్ వంటి రేవులకు పనికి వలసపోతున్నారు. యజమాని లేని ఇంటి ముందు నెలల తరబడి వాననీరు నిలిచిన బోటు, రోజూ వేటకు పోయే బోటు కంటె ముందుగా పాడవుతుంది.

ఈ లోపాన్ని చిన్నదిగా తలచరాదు. ఇంజను తోసే తోపుడంతా ఆ పలక మీదుగానే బోటుకు అందుతుంది. ఇక్కడి బోట్లు కెరటాలను చీల్చుకొని బయలుదేరాలి, కెరటాల మీదుగానే ఇసుకకు చేరాలి. ప్రతి కుదుపూ పలక మీదనే పడుతుంది. కుళ్ళిన పలక గాలి ఎక్కువైన రోజున, ఇంజను పూర్తి వేగంతో నడుస్తున్నప్పుడే విరుగుతుంది. ఇంజను నీటిపాలైతే అప్పు మిగులుతుంది. పగిలిన వెనుక భాగం నుంచి నీరు ఎక్కితే మనుషులే మిగలరు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ జిల్లా తీరాన్ని దాటింది. అప్పుడు దెబ్బతిని, అతుకుతో మళ్ళీ సముద్రం ఎక్కిన బోటు ఏదైనా ఉంటే దాన్ని ముందుగా పరీక్షించాలి.

పరీక్షకు ఖర్చు లేదు. చిన్న సుత్తితో పలకను అంగుళం అంగుళం తట్టాలి. గట్టి చెక్క కణకణమంటుంది, కుళ్ళిన చోట బోలు శబ్దం వస్తుంది. ఇంజను తల పట్టుకొని కిందికీ మీదికీ ఊపితే పలక కదలరాదు. బోల్టు కన్నాల నుంచి గోధుమరంగు నీరు కారినా, పలక పక్కలతో కలిసే మూలల్లో సన్నని బీటలు కనిపించినా అనుమానించాలి. అప్పటికీ సందేహం తీరకపోతే లోపలి వైపు నుంచి సన్నని డ్రిల్లు వేసి చూడాలి. పొట్టు పొడిగా, లేత రంగులో వస్తే క్షేమం. నల్లగా, తడిగా వస్తే పలక పోయినట్లే. పరీక్షించిన కన్నాన్ని వెంటనే రెజిన్‌తో మూసివేయాలి.

మరమ్మతుకు దగ్గరి దారి లేదు. ఇంజను దించి, బోల్టు కన్నాల కొలతలు రాసి ఉంచుకోవాలి. బోటు ఆకారం చెడకుండా వెలుపలి ఫైబరు పొరను అలాగే ఉంచి, లోపలి పొరను కోసి తీయాలి. కుళ్ళిన చెక్కనంతా ఉలితో తవ్వివేయాలి. సగం కుళ్ళును వదిలి సగం కొత్త చెక్క వేస్తే తడి మళ్ళీ పాకుతుంది. ఆ చోటును కొన్ని రోజులు బాగా ఆరనివ్వాలి. అట్టతో అచ్చు తీసుకొని దాని ప్రకారం కొత్త ప్లైవుడ్ కోయించాలి. ఇళ్ళ తలుపులకు, బల్లలకు వాడే మామూలు ప్లైవుడ్ పనికిరాదు. ఐ.ఎస్. 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ అడిగి తీసుకోవాలి. మందం పాత పలకకు తగ్గరాదు. కోసిన అంచులకు, రెండు ముఖాలకు రెజిన్ పట్టించి, వెలుపలి పొరకు ఎక్కడా గాలి ఖాళీ లేకుండా అతికించి బిగించాలి. తరువాత ఫైబరు మ్యాటును పొర మీద పొరగా, బోటు పక్కల మీదికి జానెడు మేర పాకేలా వేయాలి. పలక ఒక్కటే గట్టిగా ఉండి పక్కలను పట్టుకోకపోతే ప్రయోజనం లేదు. చివరగా బోల్టు కన్నాలను పెద్దవిగా వేసి, రెజిన్ నింపి, గట్టిపడ్డాక మధ్యలో అసలు కన్నం వేయాలి. అలా చేస్తే మళ్ళీ ఎప్పుడైనా బోల్టు వదులైనా నీరు చెక్కను తాకదు.

ఈ పనిలో ఒక హెచ్చరిక ముఖ్యం. రెజిన్‌ను గట్టిపరిచే ద్రవాన్నీ, వేగం పెంచే కోబాల్టు ద్రవాన్నీ నేరుగా ఒకదానితో ఒకటి కలపరాదు. కలిపితే మంట లేవవచ్చు, పేలవచ్చు. ఒకటి రెజిన్‌లో పూర్తిగా కలిసిన తరువాతనే రెండవది పోయాలి. గట్టిపరిచే ద్రవం కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. ఫైబరు రాపిడి ధూళి ఊపిరితిత్తులకు హాని. కళ్ళద్దాలు, ముక్కుకు మాస్కు, చేతులకు తొడుగులు లేకుండా పనిలోకి దిగరాదు. పిల్లలను ఆ దరికి రానీయరాదు.

ఇంతటి పనికి అనువైన కాలం వేట నిషేధ కాలమే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు బోట్లు ఒడ్డునే ఉంటాయి, ఎండలూ ఉంటాయి. అయితే ఆ రెండు నెలలూ ఇంట్లో రాబడి ఉండదు. 2025 ఏప్రిల్ 26న ఈ జిల్లాలోని బుడగట్లపాలెంలోనే ప్రభుత్వం నిషేధ కాలపు భృతిని 20 వేల రూపాయలకు పెంచి పంపిణీ ప్రారంభించింది. మంచిదే. కానీ ఆ సొమ్ము బియ్యానికీ బాకీలకూ సరిపోతుంది, పలక దాకా రాదు. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పాత పడవ బదులు కొత్త పడవకు సబ్సిడీ చూపారు. కొత్త పడవలో తన వాటా పెట్టుకోలేని పేద మత్స్యకారునికి పాత పడవను బాగుచేసుకోవడమే గతి. అతనికి కావలసినది ఒక ప్లైవుడ్ పలక, కొన్ని డబ్బాల రెజిన్, పని తెలిసిన మనిషి. ఈ చిన్న సాయాన్ని గుర్తించవలసిన అవసరం ఎంతైనా ఉంది.

మత్స్యశాఖ వారు ఏటా నిషేధం మొదలైన వారంలోనే పల్లెల్లో పలకల పరీక్ష జరిపించాలి. సహకార సంఘాల ద్వారా నాణ్యమైన ప్లైవుడ్, రెజిన్ టోకు ధరకు అందించాలి. ప్రతి పల్లెలో ఇద్దరు ముగ్గురు యువకులకు ఫైబరు పని నేర్పిస్తే వారికి ఊళ్ళోనే పని దొరుకుతుంది, ఊరి బోట్లకు వైద్యం దొరుకుతుంది. భావనపాడు పక్కనే మూలపేటలో 2023 ఏప్రిల్ 19న ఓడరేవుకు శంకుస్థాపన జరిగింది. పెద్ద ఓడల కోసం కోట్లు వెచ్చించే చోట చిన్న బోటు పలకకు నాలుగు రాళ్ళు దొరకవంటే న్యాయం కాదు.

ప్రభుత్వం కదిలే దాకా చేతులు ముడుచుకు కూర్చోనక్కరలేదు. ఒడ్డున ఉన్న బోటులో నీరు నిలవకుండా అణియం ఎత్తి, అమరం వైపు నీటి బిరడా తీసి ఉంచడం, నెలకొకసారి బోల్టులు బిగించడం, ఇంజనును ఒక గట్టి తాడుతో బోటుకు విడిగా కట్టుకోవడం ఎవరైనా చేయగల పనులే. సముద్రం మీద ఆపద వస్తే తీర రక్షక దళానికి 1554 నంబరుకు చేసే ఫోను అందరికీ కంఠస్థం కావాలి. అయితే ఆ ఫోను చేయవలసిన అవసరం రాకుండా చూసుకోవడం ఒడ్డున ఉన్నప్పుడే మన చేతిలో ఉంటుంది. ఈసారి రంగు డబ్బా తెరిచేముందు ప్రతి ఒక్కరూ సుత్తి చేతపట్టి పలకను తట్టి చూడాలి.