రెండు మిల్లీమీటర్లు కనిపించాయి, మరి ఆ బంతి కనిపించలేదా?

మా తరగతిలో ఫుట్‌బాల్ మాట వస్తే రెండు జట్లుగా చీలిపోతాం. ఒక జట్టు మెస్సీది, ఇంకో జట్టు రొనాల్డోది. అది పాత గొడవ, దాని గురించి రాస్తే కాగితం దండగ. ఇప్పుడు నడుస్తున్న గొడవ వేరు. గోలా కాదా, ఆఫ్‌సైడా కాదా అని తేల్చడానికి కెమెరాలు, కంప్యూటర్లు పెట్టడం ఆటకి మంచిదా, చెడ్డదా? చెడ్డదే అనేవాళ్లు నేను అనుకున్నదానికన్నా చాలా ఎక్కువ మంది ఉన్నారు. "మిషన్ వచ్చి ఆటని చంపేసింది" అంటారు. "రెఫరీ కూడా మనిషే కదా, తప్పులు కూడా ఆటలో భాగమే" అంటారు. మా చిన్నాన్న అయితే ఇంకొంచెం ముందుకి వెళ్లి, "ఎవరికి రాసిపెట్టి ఉంటే వాళ్లు గెలుస్తారు, దానికి కెమెరా ఎందుకు?" అంటాడు. చిన్నాన్న మీద నాకు గౌరవం ఉంది. కానీ ఈ మాట నేను ఒప్పుకోను. ఎందుకు ఒప్పుకోనో చెప్పాలంటే ఒకే దేశంలో జరిగిన రెండు ఆటల సంగతి చెప్పాలి.

మొదటిది 2022 డిసెంబరు 1. ఖతర్‌లో ప్రపంచ కప్. జపాన్‌కీ స్పెయిన్‌కీ ఆట. రెండో సగం మొదలైన కాసేపటికి బంతి గోలు పక్కన ఉన్న గీత దాటి బయటికి పోయినట్టే కనిపించింది. మితోమా అనే జపాన్ ఆటగాడు పరిగెత్తి దాన్ని లోపలికి తన్నాడు, తనాకా గోలు చేశాడు. టీవీలో చూసిన వాళ్లందరూ "బయటికి పోయింది" అనే అరిచారు. కానీ నియమం ఏమిటంటే, బంతి నేలను తాకే చోటు గీత బయట ఉన్నా సరే, పైనుంచి చూస్తే బంతి అంచు గీత మీద కాస్తయినా ఉంటే అది ఆటలో ఉన్నట్టే. మొత్తం బంతి మొత్తం గీతని దాటాలి. వీడియో గదిలో కూర్చున్న రెఫరీలు చూసి, బంతి అంచు గీత మీద ఉంది అన్నారు. ఎంత ఉంది? రెండు మిల్లీమీటర్ల లోపు! గోలు ఇచ్చారు. జపాన్ 2-1తో గెలిచింది. ఆ గోలు లేకపోతే జర్మనీ ముందుకు వెళ్లి ఉండేది, జపాన్ ఇంటికి వెళ్లి ఉండేది.

(ఇంట్లో పెద్దవాళ్లు కూడా ఈ పత్రిక చదువుతారు కాబట్టి ఒక మాట. దీన్నే వీఏఆర్ అంటారు, అంటే వీడియో అసిస్టెంట్ రెఫరీ. క్రికెట్‌లో థర్డ్ అంపైర్ లాంటిదే. 2018 ప్రపంచ కప్ నుంచి ఉంది. ప్రతిదానికీ వాడరు. గోలు, పెనాల్టీ, నేరుగా రెడ్ కార్డు, ఒకరికి బదులు ఇంకొకరికి కార్డు చూపించడం, 2022లో ఈ నాలుగింటికే వాడేవారు. ఖతర్ ప్రపంచ కప్‌లో ఆఫ్‌సైడ్ కోసం పైకప్పు కింద 12 కెమెరాలు పెట్టారు. ఒక్కొక్క ఆటగాడి శరీరంలో 29 చోట్లని సెకనుకి 50 సార్లు లెక్కగట్టాయి అవి. బంతి లోపల పెట్టిన సెన్సర్ అయితే సెకనుకి 500 సార్లు సమాచారం పంపేది.)

రెండోది 2024 జూన్ 11. అదే ఖతర్. దోహా నగరం. ఈసారి ఖతర్‌కీ మన భారతదేశానికీ ఆట. 2026 ప్రపంచ కప్‌కి అర్హత పోటీల్లో రెండో రౌండు చివరి మేచ్. గెలిస్తే మనం మూడో రౌండుకి వెళ్తాం. అంతకుముందు ఎప్పుడూ మన జట్టు అక్కడికి వెళ్లలేదు. 37వ నిమిషంలో ఛాంగ్తే గోలు కొట్టాడు. 1-0తో మనం ముందున్నాం. 73వ నిమిషంలో ఖతర్ ఆటగాడు ఐమెన్ తలతో కొట్టిన బంతిని మన గోలీ గుర్‌ప్రీత్ సింగ్ సంధూ ఆపాడు. బంతి అతని దగ్గర నుంచి జారి గోలు స్తంభం పక్కనుంచి గీత దాటి బయటికి పోయింది. కార్నర్ ఇస్తారని గుర్‌ప్రీత్ నేల మీదే ఉన్నాడు. ఇంతలో ఇంకో ఖతర్ ఆటగాడు బయట ఉన్న బంతిని కాలితో లోపలికి లాగాడు, ఐమెన్ దాన్ని వలలోకి తన్నాడు. రెఫరీ గోలు ఇచ్చేశాడు! మన వాళ్లు చుట్టూ చేరి మొత్తుకున్నారు. రెఫరీ తిరిగి చూడలేదు. చూడాలన్నా చూడటానికి అక్కడ వీడియో లేదు. ఎందుకంటే ఆ మేచ్‌కి వీఏఆర్ పెట్టలేదు. 85వ నిమిషంలో వాళ్లు ఇంకో గోలు కొట్టారు. 2-1. అయిపోయింది.

ఒకసారి ఆలోచించండి. పద్దెనిమిది నెలల కిందట అదే దేశంలో రెండు మిల్లీమీటర్లు కొలిచారు. అంతెందుకు, అదే ఏడాది జనవరి, ఫిబ్రవరి నెలల్లో అక్కడే ఆసియా కప్ జరిగితే అన్ని మేచ్‌లకీ వీఏఆర్ ఉంది. నాలుగు నెలల తర్వాత మనకి ప్రాణం మీదికి వచ్చిన మేచ్‌కి లేదు. అక్కడ తప్పింది రెండు మిల్లీమీటర్లు కూడా కాదు. ఫోన్‌లో చూసిన నాకే బంతి బయట కనిపించింది.

ఇప్పుడు చెప్పండి, తప్పులు ఆటలో భాగమా? భాగమే అయితే ఎవరి వాటాలో ఎంత భాగం?

ఇక్కడే నాకు కోపం వస్తుంది. పెద్ద దేశానికి తప్పు జరిగితే ఏం జరుగుతుందో చూడండి. 2010 ప్రపంచ కప్‌లో ఇంగ్లండ్ ఆటగాడు లాంపార్డ్ జర్మనీ మీద కొట్టిన బంతి పై కమ్మీకి తగిలి గీత లోపల పడి బయటికి వచ్చింది. రెఫరీ గోలు ఇవ్వలేదు. ప్రపంచమంతా గగ్గోలు పెట్టింది. అప్పటిదాకా టెక్నాలజీ వద్దంటే వద్దన్న ఫిఫా అధ్యక్షుడు క్షమాపణ చెప్పాడు. రెండేళ్లలో, 2012లో, గోల్‌లైన్ టెక్నాలజీకి అనుమతి వచ్చింది. 2014 ప్రపంచ కప్‌లో పెట్టేశారు. అంతకుముందు 2009లో ఫ్రాన్స్ ఆటగాడు హెన్రీ చేత్తో బంతి ఆపి గోలుకి అందించి ఐర్లాండ్‌ని ప్రపంచ కప్‌కి రాకుండా చేశాడు. ఐర్లాండ్ కోర్టుకి వెళ్లకుండా ఫిఫా 50 లక్షల యూరోలు ఇచ్చిందని 2015లో ఐర్లాండ్ ఫుట్‌బాల్ సంఘం వాళ్లే చెప్పారు. మరి మనకి? మన ఫుట్‌బాల్ సమాఖ్య విచారణ జరపమని ఉత్తరం రాసింది. స్కోరు 2-1గానే ఉంది. మూడో రౌండుకి మన బదులు కువైట్ వెళ్లింది.

దీనికి మా క్లాసులో ఒకడు వెంటనే అన్నాడు, "అఫ్గానిస్తాన్ చేతిలో గువాహటిలో ఓడిపోయాం కదా, అది కూడా రెఫరీ తప్పేనా?" కాదు. అది మన చేతకానితనమే. మార్చిలో సొంతగడ్డ మీద 1-2తో ఓడిపోయాం, కువైట్‌తో కలకత్తాలో ఒక్క గోలు కూడా కొట్టలేకపోయాం, ఆరు మేచ్‌లలో అయిదే పాయింట్లు తెచ్చుకున్నాం. ఆ గోలు ఇవ్వకపోయినా చివరి పావుగంటలో మనం ఓడిపోయి ఉండవచ్చు. అయితే ఏమిటి? లెక్కల పరీక్షలో నేను మూడు లెక్కలు తప్పు చేశాను కాబట్టి ఒప్పు చేసిన నాలుగో లెక్కకి కూడా సున్నా వేస్తే సరిపోతుందా? పన్నెండో తరగతి పరీక్షలు రాసిన అన్నలు, అక్కలు మార్కుల మీద అనుమానం ఉంటే జవాబు పత్రం నకలు తెప్పించుకుని చూస్తున్నారు, మళ్లీ దిద్దమని అడుగుతున్నారు. "దిద్దిన మాస్టారు కూడా మనిషే, తలరాత" అని ఏ అమ్మానాన్నలూ ఊరుకోవడం లేదు. చిన్నాన్న కూడా ఊరుకోలేదు, మా అక్క కోసం నకలుకి దరఖాస్తు పెట్టింది ఆయనే!

మన దేశపు ఫుట్‌బాల్ చరిత్ర తెలిస్తే ఈ నష్టం ఇంకా బాధ పెడుతుంది. హైదరాబాద్ బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీమ్ తయారు చేసిన జట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చింది. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఆ జట్టులో ఆడాడు. 1950లో బ్రెజిల్ ప్రపంచ కప్‌కి అవకాశం వచ్చినా మన వాళ్లు వెళ్లలేదు. ఆ తర్వాత మళ్లీ అలాంటి వాకిలి దగ్గరికి కూడా పోలేదు. బ్రెజిల్‌కి ఒక మేచ్ పోతే నాలుగేళ్లకి ఇంకోటి వస్తుంది. మనలాంటి వాళ్లకి ఒక తరానికి ఒక మేచ్. కాబట్టి కెమెరా ఎవరికి ఎక్కువ కావాలి? ఫైనల్ ఆడేవాళ్లకా, వాకిలి దగ్గర నిలబడ్డ వాళ్లకా?

మిషన్ కూడా తప్పు చేస్తుంది అనేవాళ్లు ఉన్నారు. వాళ్లు చూపించే ఉదాహరణ 2023 సెప్టెంబరు 30న ఇంగ్లండ్‌లో టాటెన్‌హామ్, లివర్‌పూల్ మేచ్. లివర్‌పూల్ ఆటగాడు డియాస్ గోలు కొడితే లైన్స్‌మన్ ఆఫ్‌సైడ్ జెండా ఎత్తాడు. వీడియో గదిలో చూస్తే ఆఫ్‌సైడ్ కాదు. కానీ గదిలో ఉన్న రెఫరీ, మైదానంలో గోలు ఇచ్చేశారనుకుని "సరిగ్గానే ఉంది" అని చెప్పేశాడు. ఆట మళ్లీ మొదలైపోయింది, మంచి గోలు పోయింది. మరి ఇందులో మిషన్ ఏం తప్పు చేసింది? అది సరిగ్గానే చూపించింది. ఇద్దరు మనుషులు ఒకరి మాట ఒకరు సరిగ్గా వినిపించుకోలేదు.

వాళ్ల వాదనల్లో ఒకటి మాత్రం నాకు నిజమనిపిస్తుంది. గోలు పడ్డాక సంతోషించాలా వద్దా అని ఆగిపోవాల్సి వస్తోంది. 2024 యూరో కప్‌లో డెన్మార్క్ గోలు కొట్టి గంతులేస్తుంటే, వాళ్లలో ఒకడి కాలి బొటనవేలు ముందుకు ఉందని గోలు తీసేశారు. తర్వాత నిమిషాల్లోనే బంతి డెన్మార్క్ ఆటగాడి చేతికి ముట్టుకుందని బంతిలోని సెన్సర్ చెప్పింది, జర్మనీకి పెనాల్టీ వచ్చింది. నియమం ప్రకారం రెండూ సరే. చూసేవాడికి మాత్రం కడుపులో దేవినట్టు అవుతుంది. స్టేడియంలో కూర్చున్న జనానికి ఏం చూస్తున్నారో, ఎందుకు చూస్తున్నారో చెప్పేవాడు లేకపోతే ఇంకా కష్టం.

దీనికి మందు కెమెరాలు తీసెయ్యడం కాదు, గట్టిగా చెప్పడం. మన మైలాపూరుకి కూతవేటు దూరంలో చెపాక్ ఉంది. అక్కడ థర్డ్ అంపైర్ ఏం చూస్తున్నాడో, ఏమంటున్నాడో టీవీలో ప్రతి మాటా వినిపిస్తుంది. ఆ క్రికెట్‌లో కూడా మన బోర్డు 2016 దాకా డీఆర్ఎస్ వద్దని మొండికేసింది. ఇప్పుడు డీఆర్ఎస్ అంటే ధోనీ రివ్యూ సిస్టమ్ అని మనమే జోకులు వేసుకుంటున్నాం! ఫుట్‌బాల్‌లో 2023 మహిళల ప్రపంచ కప్‌లో వీడియో చూసి వచ్చిన రెఫరీ మైకులో తీర్పు చెప్పారు. అది ప్రతి చోటా రావాలి. ఐఎస్ఎల్‌లో 2023 మార్చి 3న బెంగళూరులో ఛెత్రీ త్వరగా తీసిన ఫ్రీకిక్ గోలైతే, కేరళ జట్టు మైదానం వదిలి వెళ్లిపోయింది, నాలుగు కోట్ల జరిమానా పడింది. రెఫరీ తన తీర్పుకి కారణం అందరికీ వినపడేలా ఒక్క నిమిషం చెప్పి ఉంటే అంత దూరం వెళ్లేదా?

పోయిన ఏడాది మా పక్క బడి మైదానంలో ఆడినప్పుడు మా వాడు కొట్టిన బంతి గీత లోపల పడి వెనక్కి వచ్చింది. చూడటానికి వచ్చిన ఒకాయన ఫోన్‌లో తీశారు, అందులో స్పష్టంగా ఉంది. రెఫరీ "ఫోన్ లోపల పెట్టండి" అన్నారు. ఆయన్ని తప్పుపట్టను, నియమాల్లో ఫోన్‌కి చోటు లేదు. చోటు ఉండాలనే నేను అనేది.

డబ్బు లేదు అనేది అందరూ చివరికి చెప్పే మాట. 12 కెమెరాలు, సెన్సర్ బంతి మనకి అక్కర్లేదు. 2024లో కొలంబియాలో జరిగిన 20 ఏళ్ల లోపు అమ్మాయిల ప్రపంచ కప్‌లో ఫిఫా ఒక చవక పద్ధతి పరీక్షించింది. దానికి వీడియో గది లేదు, అందులో కూర్చునే రెఫరీలు లేరు. ఉన్న కొద్ది కెమెరాలతోనే సరిపెట్టుకుంటారు. ఒక్కొక్క కోచ్‌కి రెండు అవకాశాలు. అనుమానం వస్తే కోచ్ అడుగుతాడు, రెఫరీ గీత పక్కన పెట్టిన తెర దగ్గరికి వెళ్లి తనే చూసుకుంటాడు. కోచ్ అడిగింది సరైనదైతే ఆ అవకాశం అతనికే మిగులుతుంది. దోహాలో ఆ రాత్రి మన కోచ్‌కి కావలసింది అలాంటి ఒక్క అవకాశం. 2026 ప్రపంచ కప్‌ని 32 జట్ల నుంచి 48 జట్లకి పెంచడానికి ఫిఫా దగ్గర డబ్బుంది. ఆ 48లోకి వచ్చే దారిలో ప్రతి మేచ్‌కీ ఒక తెర పెట్టడానికి లేదంటే నేను నమ్మను.