మరువానికి సూట్‌కేసు ప్రయాణం ఎందుకు?

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పూలంగళ్లలో అరటినారతో కట్టిన కనకాంబరాల మూరలో నడుమనడుమ పచ్చగా కనిపించే మరువం తులసి కుటుంబానికి చెందిన బహువార్షిక మొక్క, అంటే ఒకసారి నాటితే కొన్నేళ్లపాటు చిగురిస్తూ ఉండేది. ఆ మొక్క కోసమే ఇటీవల అమరాపురం వైపు నుంచి అమెరికా వచ్చిన ఒక పెద్దావిడను విమానాశ్రయంలో ఆపి, తడిగుడ్డలో చుట్టి తెచ్చిన మట్టివేళ్ల పిలకలను తీసేసుకోవడం మన సంఘ సభ్యుల ఇళ్లలో కలవరం రేపింది.

విదేశీ మట్టిని అనుమతిపత్రం లేకుండా ఈ దేశంలోకి రానివ్వరు. మట్టి కడిగిన మొక్కకైనా ఫైటోశానిటరీ సర్టిఫికెట్, అంటే దానికి పురుగూ తెగులూ లేవని బయలుదేరిన దేశపు అధికారులు ఇచ్చే ధ్రువపత్రం, ఉండాలి. 2005లో ఫ్లోరిడాలో బయటపడిన సిట్రస్ గ్రీనింగ్ తెగులు నారింజ తోటలను దెబ్బతీసిందనీ, దాన్ని మోసే పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుందనీ తెలిస్తే ఈ పట్టుదల ఎందుకో అర్థమవుతుంది. తెచ్చినదాన్ని ముందే చెప్పి అప్పగించినవారికి జరిమానా ఉండదు, దాచినవారికి పడవచ్చు. ఇవన్నీ తెలిసిన కొడుకులూ కూతుళ్లే ఫోనులో “రెండు కొమ్మలు ఎత్తుకొని రామ్మా” అని అడిగి, ఇంగ్లీషు రాని తల్లిని తనిఖీ బల్ల ముందు ఒంటరిగా నిలబెట్టడం ఏం న్యాయం? పిలకలు పోతే మళ్లీ దొరుకుతాయి. ఆ వయసులో పడిన బెదురు అంత తేలిగ్గా పోదు.

నిజానికి మరువం పుట్టిల్లు సైప్రస్, దక్షిణ టర్కీ ప్రాంతాలు. ఇక్కడి నర్సరీలలో స్వీట్ మార్జోరం పేరుతో అమ్మేది అదే. ఒరెగానో దాని దగ్గరి చుట్టమే గాని వేరు మొక్క. నలకల్లాంటి విత్తనాలను పూడ్చకుండా తడిమట్టి పైన అద్దితే రెండు వారాలలోపు మొలుస్తాయి. నాలుగు అంగుళాల లేత కొమ్మకు కింది ఆకులు తీసి గుచ్చితే నెలలోపు వేరు పట్టవచ్చు. ఎండ బాగా తగలాలి, నీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది. మంచుకు తట్టుకోదు కనుక చలి ముదరకముందే కుండీని దక్షిణపు కిటికీ దగ్గరికి చేర్చాలి. ముడుల్లాంటి మొగ్గలు కనిపించగానే కొసలు తుంచితే గుబురుగా పెరుగుతుంది.

కాబట్టి పెద్దలు బయలుదేరే ముందే వారి సామాన్ల జాబితాను ఇంగ్లీషులో రాసి చేతికివ్వాలనీ, మరువం కావలసినవారు అమ్మను కాక సంఘాన్ని అడగాలనీ విన్నపం.