వృద్ధుల నడుగక చేయు ఉపకారము

అక్టోబరు 1వ తేదీ వచ్చెనా, వృద్ధులకు శాలువలు కప్పుటకును ఉపన్యాసము లిచ్చుటకును మన నగరములలో కొదువలేదు. కాని ఆ శాలువ కప్పుకొన్న ముదుసలి ఇల్లెట్లు చేరునో, ఇంట తోడెవరున్నారో, మాత్రలు కొనుటకు చేత కాసున్నదో లేదో విచారించిన నాయకు డెవ్వడు?

2011 జనగణన ప్రకారము దేశమందు అరువదియేండ్లు నిండినవారు 10 కోట్లకు పైబడిరి. 2021లో జరుగవలసిన గణనము ఆ యేట జరుగలేదు. జరిగినను జనగణన తలలను లెక్కించును గాని మోకాళ్లనొప్పిని లెక్కింపదు.

హైదరాబాదును జూడుడు. 2023 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వము స్త్రీలకు బస్సులలో ఉచితప్రయాణ మొసగెను. మంచిపనియే. కాని డెబ్బదియేండ్ల అవ్వకు అడ్డువచ్చునది టిక్కెట్టొక్కటియే కాదు, బస్సుమెట్టు కూడను. టిక్కెట్టును తీసివేసిన ఉత్తరువు మెట్టును తగ్గింపలేదు. కాలిబాటను దుకాణములును బండ్లును ఆక్రమింపగా ఆమె నడివీథిని నడువవలసివచ్చుచున్నది. రేషను బియ్యమునకై వ్రేలిముద్ర వేయబోవ, అంట్లు తోమి అరిగిన వ్రేలిని యంత్రము గుర్తింపక పోవుటయు గలదు. కష్టపడి బ్రతికిన పాపమునకు గదా యీ శిక్ష!

పింఛనుల సంగతియు నట్టిదే. తెలంగాణమున 2019లో వృద్ధాప్యపు పింఛను 2,016 రూపాయలయ్యెను. ఆంధ్రప్రదేశమున 2024లో 4,000 అయ్యెను. కేంద్రప్రభుత్వము ఎనుబదియేండ్లలోపు పేదవృద్ధునికై 2007లో నొసగిన పాలు నెలకు 200 రూపాయలు. అది చిరకాల మట్లే నిలిచినది. ఒకే వయస్సు, ఒకే ఆకలి, మూడు వెలలు! అవసరమును కొలిచి యిచ్చినవైనచో ఇంతటి భేద మెట్లు కలుగును? ఇవి కొలతలు కావు, దయాధర్మములు.

తల్లిదండ్రుల పోషణ బిడ్డల ధర్మము, ప్రభుత్వమున కేమి పని? అని కొందరు పెద్దమనుష్యు లందురు. ధర్మమే చాలినచో 2007లో పోషణచట్టము చేయవలసిన అగత్య మేల కలిగెను? అమెరికాలోని కుమారుడు డాలర్లు పంపవచ్చును. అర్ధరాత్రమున స్నానపుగదిలో జారిపడిన తండ్రిని డాలరు లేవనెత్తునా?

వృద్ధులనే అడిగి తెలిసికొనుట అసాధ్యమా? ప్రపంచ ఆరోగ్యసంస్థ 33 నగరములలో వృద్ధుల నడిగి, వారి మాటల నాధారము చేసికొని, 2007లో మార్గదర్శకగ్రంథమును ప్రకటించెను. మన దేశమునుండి న్యూఢిల్లీయు ఉదయపూరును అందు చేరినవి. ఉదయపూరు చేయగలిగినది హైదరాబాదునకును, బెజవాడకును, విశాఖకును అసాధ్య మందుమా?

మే మడుగునది భిక్ష కాదు, లెక్క. ప్రతి వార్డునందును ఇల్లిల్లును తిరిగి, ఒంటరిగా నున్నవా రెవరు, వైద్యున కెంత దూరము, మెట్లెక్కలేనివా రెందరు, ఆకలి నోర్చుకొనువా రెందరు అని అడుగవలెను. ఫలితములను తెలుగునను ఉర్దూనను ప్రకటింపవలెను. పురపాలకుల బడ్జెట్టు ఆ లెక్కననుసరించి నడువవలెను. వారు కదలువరకు పఠనమందిరములలోని విద్యావంతులు చేతులు ముడుచుకొని యుండనేల? ఒక్కొక్కరు తమ వీథిలోని వృద్ధుల యిండ్లకు బోయి అడిగి వ్రాసికొని, ఆ కాగితములను పురపాలకుల ముం దుంచుదురు గాక! అడుగని ఉపకారము అలంకారమే గాని ఆదరణము కాదు.