నరకానికీ సెలవులున్నాయి

మొన్నో ఆదివారం మా సెంబవాంగ్ నుంచి రైళ్ళు మారుతూ హా పర్ విల్లాకి వెళ్ళాం. టైగర్ బామ్ వ్యాపారి ఔ బూన్ హా తన తమ్ముడి కోసం 1937లో కట్టించిన చోటు. అక్కడి పది నరక న్యాయస్థానాలు ఇప్పుడు 2021లో తెరిచిన నరకం మ్యూజియంలో భాగం. నాలుకలు పీకడం, కత్తుల చెట్టు మీదికి విసరడం... మన గరుడపురాణానికి బొమ్మలు చేసిపెట్టినట్టే ఉంటుంది.

మా ఏడేళ్ళ అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "నాన్నా, తాతయ్య ఇక్కడ లేరు కదా?" అంది.

కలుక్కుమంది. 2020 ఏప్రిల్లో నాన్న పోయినప్పుడు విమానాల్లేవు. నేనొక్కడినే కొడుకుని. తలకొరివి మా బాబాయి కొడుకు పెట్టాడు, నేను ఫోన్లో చూశాను. ఆ రోజు ఓ పెద్దాయన "పున్నామ నరకం" అంటూ ఏదో అన్నారు. ఆ మాట ఇంకా గొంతులోనే ఉంది.

నరకం ఉందో లేదో నేను తేల్చలేను. నా పేచీ వేరే. మన పెద్దవాళ్ళు కాగే నూనె దగ్గరే కథ ఆపేస్తారు. భాగవతం పంచమ స్కంధంలో 28 నరకాలున్నాయి, నిజమే. కానీ శిక్ష పూర్తయితే మళ్ళీ భూమ్మీదకే. బలిని సుతలానికి పంపిన విష్ణువు తానే వెళ్ళి ఆయన వాకిట కాపలా ఉన్నాడు. చైనీయుల పదో కోర్టులోనూ మెంగ్ పో అనే అవ్వ అన్నీ మరిపించే పానీయం ఇచ్చి మరో జన్మకి పంపుతుంది. ఎక్కడా శాశ్వత శిక్ష లేదు. గడువు చెప్పకుండా శిక్ష ఒక్కటే చెబితే అది ధర్మం కాదు, బెదిరింపు.

చైనీయుల ఏడో నెలలో నరకం తలుపులు తీస్తారట. పోయినవాళ్ళు ఇళ్ళకొస్తారు, మేం ఏడాదికోసారి ఊరెళ్ళినట్టు. మా బ్లాకు కింద కాగితం డబ్బు కాల్చి, పళ్ళు పెడతారు. పాటకచేరీల్లో ముందు వరుస కుర్చీలు వాళ్ళకే వదిలేస్తారు. తలకొరివి ఎవరు పెట్టారని ఆ కుర్చీల దగ్గర అడిగేవాళ్ళుండరు. కొడుకు రాలేదని తండ్రిని శిక్షించే నరకాన్ని నేనైతే నమ్మను.

"లేరమ్మా," అన్నాను. "లెక్కలు తప్పుచేస్తే నన్ను కొట్టిన పాపం ఒక్కటుంది. అది ఈపాటికి తీరిపోయుంటుంది."

అమ్మాయి నవ్వింది. మరి మీ ఇంట్లో కథ ఎక్కడ ఆపుతారు?