తెర మీది అంకె

మాచర్లలో కొత్తగా పైథాన్ పట్టిన పిల్లలు ప్రింట్‌కీ రిటర్న్‌కీ తేడా తెలియక తికమకపడుతున్నారంటే, ఆ తప్పు వాళ్ల మీద వెయ్యను. పాఠం చెప్పే పద్ధతిలోనే ఉంది.

మన మిర్చి లెక్కే తీసుకుందాం. క్వింటాళ్లనీ ధరనీ గుణించే ఫంక్షన్ రాయమన్నాం. పేరు ఖరీదు. (పైథాన్ 3లో ఫంక్షన్‌కు తెలుగు లిపిలో పేరు పెట్టినా చెల్లుతుంది, ఎవరూ పెట్టరు గానీ.) 12 క్వింటాళ్లు, ధర 15,000 అనుకుందాం. లోపల ప్రింట్ రాస్తే తెర మీద 180000 పడుతుంది. పిల్లవాడికి సంబరం. అందులోంచి కోత కూలి, గుంటూరు యార్డుదాకా లారీ కిరాయి కలిపి 20,000 తీసెయ్యమని తర్వాతి వరుసలో రాయగానే టైప్ ఎర్రర్ అంటుంది. అంకె కళ్లముందే ఉందిగా అంటాడు వాడు. ఉంది, చూడ్డానికి. ప్రోగ్రాం చేతికి రాలేదు. రిటర్న్ రాయని ఫంక్షన్ వెనక్కిచ్చేది ‘నన్’ (None), అంటే ఏమీ లేదని. అది సున్నా కూడా కాదు. సున్నా అయితే తప్పుగానైనా లెక్క నడిచేది. కాటా దగ్గర తూకం కేకేసి చెప్పడం వేరు, చీటీ రాసివ్వడం వేరు. గుమస్తా పట్టీ కట్టేది చీటీ చూసే.

పైథాన్ కూడా కొంత మాయ చేస్తుంది. వరుస రాయగానే నడిపే చోట, మూడు బాణం గుర్తుల (>>>) దగ్గర ఫంక్షన్‌ని పిలిస్తే, రిటర్న్ చేసిన విలువని కూడా అదే తెర మీద చూపించేస్తుంది. అంకెలైతే రెండింటికీ తేడానే కనపడదు. అదే ఫంక్షన్‌ని ఫైల్లో రాసి నడిపితే తెర ఖాళీ. వెంటనే పిల్లవాడు రిటర్న్ కొట్టేసి ప్రింట్ పెడతాడు. ఆ అలవాటు ఇక వదలదు.

పైథాన్ 2లో ప్రింట్ అసలు ఫంక్షనే కాదు. 2008 డిసెంబరులో వచ్చిన పైథాన్ 3 దాన్ని ఫంక్షన్ చేసింది, అదీ ‘నన్’ వెనక్కిచ్చే ఫంక్షన్. ప్రింట్ లోపల ఇంకో ప్రింట్ పెట్టి చూడండి: ముందు మాట పడుతుంది, దాని కింద ‘నన్’ అని పడుతుంది. గంట ఉపన్యాసం కన్నా ఈ ఒక్క వరుస మేలు.

ల్యాబ్ రికార్డులో మనం చూసేదల్లా అవుట్‌పుట్, మార్కులూ దానికే. అలాంటప్పుడు కుర్రాడు ప్రింట్‌ని కాక దేన్ని నమ్ముతాడు? మొదటి కొన్ని వారాలు ఫంక్షన్ లోపల ప్రింట్ రాయనివ్వకూడదు. ఖరీదు ఫంక్షన్ ఇచ్చిన విలువని ఖర్చులు తీసే మరో ఫంక్షన్‌కి అందించమనాలి, అది నడిస్తేనే మార్కు వెయ్యాలి. తప్పులు వెతుక్కోడానికి ప్రింట్ కావాల్సిందే, కాదనను. మిగతాప్పుడు అది ఫంక్షన్ బయట, లెక్కంతా అయ్యాక ఒక్కసారి వస్తే చాలు.