బుల్లెట్ సీటు మీద ఎవరి పెత్తనం?

మన కుర్రాడు బుల్లెట్ కొన్నాడు. టూరింగ్ సీటు, వెనక బ్యాక్‌రెస్టు, పక్కన బ్యాగుల స్టాండు, ముందు క్రాష్ గార్డు వేయించాడు. సంగం లాంటి ఊళ్లో టీ కొట్టు దగ్గర పెద్దకులాల వాళ్లు "వీడికెందుకురా ఇంత సోకు?" అంటారు. మన ఉద్యమ పెద్దలు కొందరు అదే మాటను "వినియోగదారీ మోజు" అని మర్యాదగా అంటారు. నాకు రెండూ ఒకేలా వినబడుతున్నాయి.

చరిత్ర చూడండి. 1929లో చాలీస్‌గావ్‌లో అంబేద్కర్‌ను ఎక్కించుకుని టాంగా తోలడానికి టాంగావాళ్లు ఒప్పుకోలేదు. బండి అద్దెకిస్తాం, తోలుకునేది మీరే అన్నారు. తోలడం రాని మనిషి పగ్గాలు పట్టాడు. కల్వర్టు దగ్గర బాబాసాహెబ్ కిందపడి కాలు విరిగింది. చుండూరులో సినిమా హాల్లో కాలు తగిలిందన్న గొడవతో రాజుకున్న పగ 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను బలి తీసుకుంది. 2025 ఫిబ్రవరిలో తమిళనాడు శివగంగ జిల్లాలో దళిత విద్యార్థి చేతులు నరికారు. బుల్లెట్ తోలినందుకేనని కుటుంబం చెప్పింది. ఊరందరికీ చెప్పులు కుట్టిన కులాన్ని అదే ఊరి వీధిలో చెప్పులేసుకోనివ్వని దేశం ఇది. మన సీటు మెత్తగా ఉంటే దానికి నిద్ర పట్టదు.

ఇక సోకు సంగతి. సంగం మీదుగా పోయేది నెల్లూరు–ముంబై రోడ్డు. డిసెంబర్ 6కి ఇక్కణ్ణుంచి దాదర్ చైత్యభూమికి బండి మీద పోవాలంటే వెయ్యి కిలోమీటర్లు దాటుతుంది. సీటు ఇరుగ్గా, ఫోము పల్చగా ఉంటే కాసేపటికే తుంటి ఎముకలు నొప్పెడతాయి. మరీ మెత్తటి ఫోము తొందరగా అణిగిపోతుంది. కాస్త గట్టి ఫోము, వెడల్పాటి సీటు బరువును తొడల మీదికి పంచుతాయి. ఇది నడుముకు సంబంధించిన లెక్క. బరువులు మోసి మోసి వంగిన నడుములు మనవి.

అయితే తమ్ముళ్లూ, మీతోనూ ఒక తగాదా ఉంది. సైలెన్సర్ మార్చి ఊరు అదరగొట్టకండి. చట్టం ఒప్పదు. కులం తోకలు రాసుకున్న బండ్లను వదిలేసే చెయ్యి మన బండినే ముందు ఆపుతుంది. కాగితాలు సక్రమంగా పెట్టుకోండి. ఇంకో మాట. స్టైలు కోసం వెనక సీటూ చీర గార్డూ పీకేసి ఒంటి సీటు వేయిస్తున్నారు. వెనక కూర్చునే మనిషికి పట్టుకోవడానికి పిడి, కాళ్లకు ఫుట్‌రెస్టు, వెనక చక్రానికి కనీసం సగం దాకా కప్పు ఉండాలని మోటారు వాహనాల నిబంధనలే చెబుతున్నాయి. టాంగా ఎక్కనివ్వని వాళ్లను తిట్టే మనం, అమ్మకూ చెల్లికీ చోటు లేని బండి చేయించుకుని ఏం సాధించినట్టు?

సీటు వేయించుకోండి, మంచిదే వేయించుకోండి. ఇద్దరు కూర్చునేది వేయించుకోండి. ఎవరైనా "ఎందుకురా ఇంత సోకు?" అంటే, "దూరం పోవాలి" అని చెప్పి బండి స్టార్ట్ చేయండి.

జై భీమ్.